రాత్రి నిద్రలో పసిబిడ్డను వెచ్చగా, క్షేమంగా ఉంచడం ఎలా?

చలి రాత్రి పసిబిడ్డను పడుకోబెట్టగానే పెద్దల చేయి ముందుగా దుప్పటి మీదికే పోతుంది. మనకు చలేస్తే మనం చేసే పని అదే కనుక, బిడ్డకూ అదే చాలుననుకుంటాం. అయితే నిద్రలో దుప్పటి ముఖం మీదికి వస్తే మనం తీసేసుకోగలం, ఉక్కపోస్తే కాలితో తన్నేయగలం. మూడు నెలల బిడ్డ ఈ రెండింటిలో ఏదీ నమ్మకంగా చేయలేదు. అందుచేత ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నిటికీ మూలం ఒక్కటే: బిడ్డకు కావలసిన వెచ్చదనం ఒంటికి తొడిగిన బట్టల నుంచి, గదిలోని గాలి నుంచి రావాలి తప్ప, పక్కలో విడిగా పడి ఉన్న ఏ వస్తువు నుంచీ రాకూడదు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన, ఏడాదిలోపు వయసున్న బిడ్డలను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసం రాస్తున్నాను. నెలలు నిండకముందే పుట్టినవారి గురించి చివర్లో విడిగా చెబుతాను.

బిడ్డ ఒంట్లోంచి వేడి ఎలా పోతుంది?

పెద్దవాళ్లకు చలేస్తే వణుకు పుడుతుంది, ఆ వణుకుతోనే కండరాలు వేడిని పుట్టిస్తాయి. అప్పుడే పుట్టిన బిడ్డకు ఆ వణుకు దాదాపుగా రాదు. దానికి బదులు మెడ వెనుక, రెండు భుజాల నడుమ, మూత్రపిండాల చుట్టూ గోధుమరంగు కొవ్వు అనే ప్రత్యేకమైన కొవ్వు ఉంటుంది. చలి తగలగానే బిడ్డ శరీరం దాన్ని ఖర్చుపెట్టి వేడి తయారు చేసుకుంటుంది. ఈ పనికి ఆక్సిజన్, చక్కెర రెండూ కావాలి. కాబట్టి చాలాసేపు చలిలో ఉన్న బిడ్డ కేవలం చల్లబడటమే కాదు, నీరసించి, పాలు సరిగా తాగకుండా, మగతగా కూడా తయారవుతుంది.

దీనికి తోడు బరువుతో పోల్చి చూస్తే బిడ్డ చర్మం విస్తీర్ణం పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ. ఒంటితో పోలిస్తే తల కూడా పెద్దదే. అందుకే బిడ్డ త్వరగా చల్లబడుతుంది, త్వరగా వేడెక్కుతుంది కూడా. ఈ రెండో సంగతినే చాలామంది మరచిపోతారు. ఒంట్లో వేడి ఎక్కువైతే బిడ్డ దాన్ని వదిలించుకునే ముఖ్యమైన దారి తలా ముఖమే. అవి కూడా కప్పేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

వేడి పోయే దారులు నాలుగు. తడి డైపరు, తడి తల ఆరుతూ వేడిని లాగేస్తాయి. చల్లని పక్క తగిలి వేడిని తీసుకుంటుంది. కిటికీ సందులోంచో ఫ్యాను నుంచో వచ్చే గాలి మోసుకుపోతుంది. దగ్గర్లో చల్లని గోడ ఉంటే, దాన్ని తాకకపోయినా ఒంట్లోని వేడి అటు పోతుంది. దుప్పటి సంగతి ఆలోచించే ముందు ఈ నాలుగింటినీ ఒక్కొక్కటిగా మూసేస్తే, చాలా ఇళ్లలో దుప్పటి అవసరమే రాదు.

మొదట గదిని సిద్ధం చేయండి

బిడ్డను పడుకోబెట్టడానికి అరగంట ముందే గది పని మొదలుపెట్టండి. గదిలో ఉండవలసిన ఉష్ణోగ్రత 16 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ అని బ్రిటన్‌లో తల్లిదండ్రులకు చెబుతారు. వేడి ప్రదేశాల్లో ఉండేవారికి ఇది కుదరదు, కుదరనవసరమూ లేదు. గది అంతకంటే వెచ్చగా ఉంటే బట్టలు తగ్గించాలి, అంతే. పలుచని బట్టలు వేసుకున్న పెద్దమనిషికి ఆ గదిలో చెమటా పట్టకుండా, చలీ వేయకుండా ఉంటే అది బిడ్డకూ సరిపోయే గది. వీలుంటే ఒక గది థర్మామీటరు కొని, దాన్ని గోడ మీద ఎత్తులో కాకుండా బిడ్డ పడుకునే ఎత్తులో, హీటరుకు దూరంగా పెట్టండి. నేల దగ్గరి గాలికీ తల ఎత్తులో ఉండే గాలికీ మధ్య రెండు మూడు డిగ్రీల తేడా ఉండటం మామూలే.

బిడ్డ మంచాన్ని కిటికీకి, బయటి గోడకు దూరంగా జరపండి. కర్టెన్ల తాళ్లు, బ్లైండ్ల తాళ్లు, చార్జరు తీగలు బిడ్డ చేతికి అందే చోట ఉండకూడదు. ఈరోజు అందనిది రెండు నెలల తరువాత అందుతుంది. ఫ్యాను గాలి గానీ ఏసీ గాలి గానీ సూటిగా బిడ్డ మీద పడకూడదు. గదిలో గాలి మెల్లగా కదులుతూ ఉండటం మాత్రం మంచిదే.

విద్యుత్ హీటరు వాడేవారు ముందుగానే గదిని వేడి చేసి, పడుకునే వేళకు కట్టేయడం మంచి పద్ధతి. రాత్రంతా వేయక తప్పదనుకుంటే, నిర్ణీత ఉష్ణోగ్రత రాగానే తనంతట తానే ఆగిపోయే రకాన్ని ఎంచుకోండి. దాన్ని మంచానికీ, కర్టెన్లకూ, ఆరేసిన బట్టలకూ కనీసం ఒక మీటరు దూరంలో పెట్టండి. తీగను ఎక్స్‌టెన్షన్ బాక్సుకు కాకుండా నేరుగా గోడలోని ప్లగ్గుకు తగిలించండి.

ఒక్క విషయంలో మాత్రం ఎలాంటి సడలింపూ లేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి గానీ, కట్టెల పొయ్యి గానీ, పొగ బయటికి పోయే గొట్టం లేని గ్యాస్ హీటరు గానీ ఉంచకండి. అవి మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే స్పృహ కోల్పోతారు కనుక హెచ్చరిక అందే అవకాశమే ఉండదు. మంట ఆరిపోయి పైకి బూడిద కమ్మిన నిప్పుల నుంచి కూడా ఇది వస్తూనే ఉంటుంది. కాబట్టి ‘పొగ రావడం లేదు కదా’ అని కుంపటిని లోపలికి తేవడమే అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. సిగరెట్టు, బీడీ పొగ సంగతి వేరే చెప్పనవసరం లేదు: బిడ్డ పడుకునే గదిలోనే కాదు, ఆ ఇంట్లోనే వద్దు.

పక్క ఎలా ఉండాలి?

పసిబిడ్డకు పెద్దల పరుపు హాయిగా ఉంటుందనుకోవడం పొరపాటు. బిడ్డకు కావలసింది గట్టిగా, సమంగా, ఏ వైపుకూ వాలకుండా ఉండే పక్క. పరుపు మధ్యలో అరచేతితో బలంగా నొక్కి, చేయి తీసేయండి. చేయి ముద్ర వెంటనే పోయి పరుపు తిరిగి సమంగా నిలిస్తే అది పనికొస్తుంది. గుంట అలాగే నిలిచిపోతే పనికిరాదు. ఆ గుంటలోనే రేపు బిడ్డ ముఖం పడవచ్చు. తరువాత పరుపు అంచుకూ మంచం చట్రానికీ మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ పడితే ఆ సందులో బిడ్డ ఇరుక్కునే ప్రమాదం ఉంది. కమ్మీల మంచమైతే కమ్మీల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్లు దాటకూడదు. పరుపు మీద బిగుతుగా అమరే పక్కబట్ట ఒక్కటి చాలు.

ఇక ఆ పక్కలో ఇంకేం ఉండాలన్న ప్రశ్నకు జవాబు చాలా చిన్నది: బిడ్డ తప్ప ఏమీ ఉండకూడదు. దిండు, బొంత, రజాయి, రెండు వైపులా పెట్టే చిన్న బాలీసులు, బొమ్మలు, కమ్మీలకు కట్టే మెత్తటి పట్టీలు అన్నీ తీసేయండి. ఆ పట్టీలనూ, ఏటవాలుగా ఉండే నిద్ర పీఠాలనూ అమెరికాలో 2022లో చట్టం చేసి నిషేధించారు. బిడ్డ తల కమ్మీలకు కొట్టుకుంటుందన్న భయంతోనే తల్లిదండ్రులు ఆ పట్టీలు కడతారు. తల కొట్టుకుంటే ఒక బొప్పి కడుతుంది, ముఖం మెత్తటి పట్టీలో కూరుకుపోతే ఊపిరే ఆగిపోతుంది.

మెత్తటి వస్తువు ముక్కును పూర్తిగా మూసేయకపోయినా ప్రమాదం ఎందుకంటే, బిడ్డ వదిలిన గాలి ఆ మెత్తదనంలో అక్కడే నిలిచిపోతుంది. మళ్లీ ఆ గాలినే బిడ్డ పీలుస్తుంది. శ్వాస శ్వాసకూ అందులో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. పెద్దవాళ్లయితే ఆ ఇబ్బందికి మెలకువ వచ్చి తల తిప్పుకుంటారు. కొందరు పసిబిడ్డలకు ఆ మెలకువ రాదు. పైకి ఏ కారణమూ కనపడకుండా ఏడాదిలోపు బిడ్డలు నిద్రలో చనిపోయే సిడ్స్ అనే ఆకస్మిక శిశుమరణాల్లో చాలావరకు ఆరు నెలల లోపే జరుగుతాయి. రెండో నెల నుంచి నాలుగో నెల వరకు ముప్పు అన్నిటికంటే ఎక్కువ. ఒంటికి వేడి ఎక్కువ కావడం ఆ ముప్పును పెంచే కారణాల్లో ఒకటని గుర్తించారు.

పక్క మరీ చల్లగా ఉందనిపిస్తే వేడినీళ్ల సంచిని పదిహేను నిమిషాలు పక్క మీద ఉంచి, బిడ్డను పడుకోబెట్టే ముందు తప్పకుండా తీసేయండి. తరువాత మణికట్టు లోపలి వైపును పక్కకు ఆనించి చూడండి. గోరువెచ్చగా కూడా కాదు, చల్లదనం పోయినట్టుంటే చాలు. వేడినీళ్ల సంచిని బిడ్డతో పాటు ఉంచడం, విద్యుత్ దుప్పటి వేయడం రెండూ చేయకూడదు.

బిడ్డ ఎక్కడ పడుకోవాలన్నదీ ఇక్కడే చెప్పాలి. కనీసం మొదటి ఆరు నెలలు మీ గదిలోనే, మీ మంచానికి చేతికందే దూరంలో, తనకంటూ వేరే పక్క మీద పడుకోబెట్టమని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. తల్లి ఒంటి వెచ్చదనం మంచిదే, కానీ పెద్దల మంచం మీద ఆ వెచ్చదనంతో పాటు పెద్దల రగ్గు, దిండు, మెత్తటి పరుపు కూడా వస్తాయి. పక్కన పడుకున్నవారు పొగ తాగేవారైనా, మద్యం తాగి ఉన్నా, నిద్రమత్తు తెచ్చే మందులు వేసుకుని ఉన్నా ప్రమాదం చాలా ఎక్కువ. సోఫాలో, వాలుకుర్చీలో బిడ్డను గుండెల మీద వేసుకుని నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదకరం. బిడ్డ మెల్లగా జారి మీ ఒంటికీ సోఫాకూ మధ్య ఇరుక్కుంటుంది, మీకు తెలియదు.

బట్టలు పొరలు పొరలుగా వేయండి

అదే గదిలో మీరు హాయిగా ఉండటానికి ఎన్ని పొరల బట్టలు వేసుకుంటారో, బిడ్డకు దానికంటే ఒక్క పొర ఎక్కువ వేయండి. రెండు పొరలు కాదు. ఒళ్లు తగిలే లోపలి పొర పలుచని నూలుబట్ట కావాలి, ఎందుకంటే అది చెమటను పీల్చుకుంటుంది. దాని మీద చేతులనూ కాళ్లనూ పూర్తిగా కప్పే నూలు బట్టల జత, ఆపైన అవసరమైతే నిద్రసంచి. మందమైన స్వెటరు ఒకటి వేయడం కంటే పలుచని పొరలు రెండు వేయడమే మేలు. మధ్యలో నిలిచిన గాలి వేడిని పట్టి ఉంచుతుంది, వేడెక్కువైతే నిద్ర చెడకుండా ఒక పొర తీసేయవచ్చు.

స్లీపింగ్ బ్యాగ్ పేరుతో దొరికే నిద్రసంచి దుప్పటికి అన్నిటికంటే మంచి ప్రత్యామ్నాయం. ఇది చేతులు బయటికి వచ్చేలా కుట్టిన, అడుగు మూసిన సంచి. బిడ్డ ఎంత తన్నుకున్నా ఊడిపోదు, ముఖం మీదికి రాదు. దీని మందాన్ని ‘టాగ్’ అనే కొలతలో చెబుతారు. సాధారణంగా గది 24 డిగ్రీలు దాటి ఉంటే 0.5 టాగ్, 21 నుంచి 23 డిగ్రీల మధ్య ఉంటే 1.0 టాగ్, 16 నుంచి 20 మధ్య ఉంటే 2.5 టాగ్ సంచి సరిపోతుంది. మందమైన సంచి తొడిగినప్పుడు లోపలి బట్టలు తగ్గించాలి. సంచి మీద మళ్లీ దుప్పటి కప్పకూడదు. కొనేటప్పుడు టాగ్ కంటే ముందు మెడ దగ్గర చూడండి. సంచి తొడిగి గుండీలు పెట్టాక, మెడ కంతలోంచి బిడ్డ తల లోపలికి జారే వీలు ఏమాత్రం ఉండకూడదు. ‘వచ్చే ఏడాదికీ పనికొస్తుంది’ అని పెద్ద సైజు కొనడం ఇతర బట్టల విషయంలో పొదుపు కావచ్చు, ఇక్కడ మాత్రం ప్రమాదం. వెనుక టోపీ కుట్టినవి వద్దు. లోపల బరువు కోసం పూసలు నింపిన సంచులు, దుప్పట్లు అసలే వద్దు, అవి బిడ్డ రొమ్ము మీద భారం వేస్తాయి.

మొదటి వారాల్లో గుడ్డలో చుట్టి పడుకోబెట్టేవారు పలుచని నూలుగుడ్డనే వాడండి. గుడ్డ పై అంచు భుజాల దగ్గర ఆగాలి. రొమ్ముకూ గుడ్డకూ మధ్య మీ రెండు మూడు వేళ్లు సులువుగా పట్టాలి. నడుము కింద వదులుగా ఉండి, బిడ్డ మోకాళ్లు పైకి మడిచి పక్కలకు తెరుచుకునేలా ఉండాలి. కాళ్లు తిన్నగా చాపి బిగించి చుడితే తుంటి కీలు సరిగా ఎదగదు. చుట్టిన గుడ్డను కూడా ఒక పొరగా లెక్కించండి. మడత పెట్టి చుడితే అది రెండు పొరలు. బిడ్డ బోర్లాపడటానికి ప్రయత్నిస్తున్న మొదటి రోజే చుట్టడం ఆపేయండి. ఆ ప్రయత్నం కొందరిలో రెండు మూడు నెలలకే మొదలవుతుంది. చేతులు చుట్టేసి ఉన్న బిడ్డ బోర్లాపడితే తల ఎత్తుకోవడానికి దారే ఉండదు.

ఊలు టోపీ ఆరుబయట మంచిదే. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు తీసేయండి. అది తలలోంచి వేడి బయటికి పోయే దారిని మూసేస్తుంది, జారితే ముక్కును కూడా మూసేస్తుంది. మెడలో దారాలు, గొలుసులు, పాలపీకను కట్టిన తాళ్లు కూడా నిద్రవేళ ఉండకూడదు.

కాలి మేజోళ్లు, చేతి తొడుగుల గురించి ఒక చిన్న సంగతి చెప్పాలి. ప్రసవమైన కొన్ని నెలల్లో తల్లికి జుట్టు బాగా ఊడుతుంది. ఆ వెంట్రుక ఒకటి ఉతికిన మేజోడులో చేరి, బిడ్డ కాళ్లాడించే కొద్దీ కాలివేలి చుట్టూ చుట్టుకుని బిగుసుకుంటుంది. వేలు ఉబ్బి ఎర్రబడుతుంది, వెంట్రుక చర్మంలో దిగబడి కంటికి కూడా కనపడదు. బిడ్డ మాత్రం గుక్కపట్టి ఏడుస్తూనే ఉంటుంది. అందుకని తొడిగే ముందు మేజోడును లోపలి వైపు బయటికి తిప్పి, వెంట్రుకలూ వేలాడే దారాలూ ఉన్నాయేమో చూసి తీసేయండి. రాత్రి కారణం తెలియకుండా ఏడ్చే బిడ్డకు మేజోళ్లు విప్పి వేళ్లన్నీ ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

పడుకోబెట్టే తీరు

పాలు పట్టి, తేన్పు వచ్చాక, డైపరు పొడిగా ఉందో లేదో చూసి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. రాత్రి నిద్రకైనా, పగటి కునుకుకైనా ప్రతిసారీ ఇదే పద్ధతి. పక్కకు తిప్పి పడుకోబెడితే బిడ్డ అక్కడి నుంచి సులువుగా బోర్లా దొర్లుతుంది, కాబట్టి అది మధ్యేమార్గం కాదు.

వెల్లకిలా పడుకున్న బిడ్డ పాలు కక్కితే పొలమారుతుందన్నది అందరికీ ఉండే భయం. శరీర నిర్మాణం చూస్తే సంగతి తిరగబడి ఉంటుంది. వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, ఆహారనాళం కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే ఎత్తు ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడు శ్వాసనాళమే కిందికి వస్తుంది, పాలు అందులోకి పోవడం సులువవుతుంది. బోర్లా పడుకున్న బిడ్డ గాఢంగా నిద్రపోతుందన్న మాట మాత్రం నిజమే. కానీ ఊపిరాడనప్పుడు లేవవలసిన బిడ్డ లేవలేకపోవడానికి ఆ గాఢనిద్రే కారణమవుతుంది. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టమని పెద్దయెత్తున ప్రచారం చేశారు. ఆ తరువాతి పదేళ్లలో అమెరికాలో సిడ్స్ మరణాల రేటు సగానికి పైగా తగ్గింది. పడుకునే తీరు మార్చడం తప్ప అందుకోసం తల్లిదండ్రులు కొత్తగా కొన్నదేమీ లేదు.

బిడ్డ తనంతట తాను రెండు వైపులా దొర్లగలిగే వయసు వచ్చాక, నిద్రలో తిరిగితే ప్రతిసారీ లేచి సరిచేయనవసరం లేదు. మొదట పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా ఉంచితే చాలు. తల వెనుక చదునుగా అవుతుందన్న దిగులుంటే, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లముందు కాసేపు బోర్లా వేసి ఆడించండి.

నిద్రసంచి లేనివారు దుప్పటి వాడక తప్పకపోతే ఏం చేయాలి? అమెరికా వైద్యులు ఏడాదిలోపు విడి దుప్పటే వద్దంటారు; బ్రిటన్‌లో ఒక పద్ధతి నేర్పుతారు. నేనైతే నిద్రసంచికే ఓటు వేస్తాను. అది లేని రాత్రికి ఈ పద్ధతి పనికొస్తుంది: బిడ్డ పాదాలు మంచం కాళ్లవైపు చట్రానికి తగిలేంత కిందికి జరిపి పడుకోబెట్టండి. పలుచని దుప్పటిని చంకల కిందికి, అంటే రొమ్ము వరకే కప్పి, చేతులు పైన ఉంచండి. దుప్పటి అంచులను మూడు వైపులా పరుపు కిందికి గట్టిగా దోపండి. పాదాలకు అడ్డు ఉంది కనుక బిడ్డ కిందికి జారి దుప్పటిలో మునిగిపోదు. దుప్పటిని మడత వేయకండి, మడత వేస్తే అది రెండు దుప్పట్లు.

దోమతెర కట్టేవారు దాని అంచులు కూడా అలాగే బిగుతుగా దోపాలి. వదులుగా వేలాడి బిడ్డ ముఖం మీద పడకూడదు. గుడ్డ ఉయ్యాలలోనో, కారు సీటులోనో నిద్రపోయిన బిడ్డ గడ్డం రొమ్ముకు ఆని గొంతు మడత పడుతుంది. రాత్రి నిద్రకు అవి తగవు. అక్కడ నిద్రపడితే ఎత్తి సమమైన పక్క మీదికి మార్చండి.

రాత్రి మధ్యలో ఎలా చూడాలి?

బిడ్డకు చలేస్తోందో లేదో చేతులు, కాళ్లు పట్టుకుని తేల్చకండి. పసిబిడ్డల్లో రక్తప్రసరణ ముందు గుండె, మెదడు లాంటి ముఖ్యమైన అవయవాలకు సాగుతుంది కనుక చేతులు, పాదాలు చల్లగా ఉండటం, కొద్దిగా నీలంగా కనిపించడం కూడా మొదటి వారాల్లో మామూలే. మీ చేయి వెచ్చగా ఉందో లేదో చూసుకుని, రెండు వేళ్లు బిడ్డ మెడ వెనుక బట్టల్లోకి పోనివ్వండి, లేదా అరచేతిని రొమ్ము మీద ఆనించండి. అక్కడ పొడిగా, వెచ్చగా ఉంటే బిడ్డ హాయిగా ఉన్నట్టే. మెడ తడిగా, జిగటగా ఉంటే, జుట్టు మొదళ్లలో చెమట ఉంటే, బుగ్గలు ఎర్రబడి ఉంటే, శ్వాస వేగంగా ఆడుతుంటే వెంటనే ఒక పొర తీసేయండి. రొమ్ము, పొట్ట చల్లగా తగిలితే ఒక పొర వేయండి.

మా బిడ్డకు నెలన్నర ఉన్నప్పుడు ఒక రాత్రి పాదాలు మంచుముక్కల్లా తగిలితే కంగారుపడి మేజోళ్లు, స్వెటరు, దాని మీద ఇంకో గుడ్డ తొడిగాం. గంట తరువాత పాలకు లేచేసరికి పాదాలు అప్పటికీ చల్లగానే ఉన్నాయి, మెడ వెనుక మాత్రం చొక్కా పట్టీ తడిసి ఒంటికి అంటుకుని ఉంది. పాదాలను నమ్మి మెడను ఉడకబెట్టాం. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో పాదాలు ముట్టుకుని తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

రాత్రి పాలివ్వడానికి, డైపరు మార్చడానికి లేచేటప్పుడు వేడి ఎక్కువగా పోతుంది. కావలసినవన్నీ ముందే చేతికందేలా పెట్టుకుని, మసక దీపం వెలుగులోనే పని ముగించండి. ఒళ్లంతా విప్పకుండా కాళ్లవైపు మాత్రమే తెరిచే బట్టలు ఈ వేళ ఎంతో మేలు చేస్తాయి. తుడిచే గుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, తుడిచిన చోట పొడిగుడ్డతో అద్దాకే కొత్త డైపరు వేయండి. రాత్రి పడుకునే ముందే తలస్నానం చేయిస్తే జుట్టు పూర్తిగా ఆరేదాకా పడుకోబెట్టకండి. పాలిస్తూ మీకే కునుకు పట్టేలా ఉందనిపిస్తే సోఫాలో కూర్చోకండి. దిండ్లు, రగ్గులు పక్కకు తీసేసిన మంచం మీద కూర్చుని పాలివ్వడం తక్కువ ప్రమాదం. మెలకువ రాగానే బిడ్డను తన పక్కకు మార్చండి. తల్లిపాలు తాగే బిడ్డల్లో సిడ్స్ ముప్పు తక్కువ, కాబట్టి ఈ రాత్రి మెలకువలు వృథా పోవు.

ఒళ్లు చల్లబడినా, కాలినా ఏం చేయాలి?

పొట్ట కూడా చల్లగా తగిలితే చంకలో థర్మామీటరు పెట్టి చూడండి. పసిబిడ్డకు 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ వరకు మామూలు ఉష్ణోగ్రత. 36 నుంచి 36.4 మధ్య ఉంటే బిడ్డ చలికి గురవుతున్నట్టు. తడిబట్టలు తీసేసి, డైపరు మాత్రం ఉంచి, బిడ్డను మీ రొమ్ముకు చర్మం చర్మానికి తగిలేలా హత్తుకుని, బిడ్డ వీపు మీదుగా మీ ఇద్దరినీ కలిపి కప్పుకోండి. ముఖం ఒక పక్కకు తిరిగి, ముక్కు తెరిచి ఉండాలి. తలకు టోపీ పెట్టవలసిన వేళ ఇది. పాలివ్వండి. ఇంకొకరు మెలకువగా ఉండి మీ ఇద్దరినీ చూస్తుండాలి. గంటకోసారి థర్మామీటరు పెట్టి చూస్తూ, మామూలు స్థాయికి వచ్చాక పొడిబట్టలు తొడిగి పక్క మీదికి మార్చండి. ఒక గంట గడిచినా పెరగకపోతే, లేదా 36 కంటే తక్కువ ఉంటే, బిడ్డ మగతగా ఉండి పాలు తాగకపోతే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. దారిలో కూడా రొమ్ముకు హత్తుకునే ఉంచండి. సీసాల్లో మరిగిన నీళ్లు పోసి బిడ్డ పక్కన పెట్టడం, మంట దగ్గర కాచడం లాంటివి చేస్తే పలుచని చర్మం కాలిపోతుంది.

ఒళ్లు కాలుతోందనిపిస్తే ముందు ఒక పొర తీసి, పావుగంట ఆగి చూడండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ ఉంటే అది బట్టల వేడి అనుకుని ఊరుకోకండి, వెంటనే వైద్యునికి చూపించండి. జ్వరమున్న బిడ్డకు చలేస్తోందని మరిన్ని బట్టలు కప్పితే జ్వరం ఇంకా పెరుగుతుంది.

నెలలు నిండకముందే పుట్టిన బిడ్డలు

37 వారాలు నిండకముందు పుట్టినవారికీ, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టినవారికీ గోధుమరంగు కొవ్వు తక్కువ, చర్మం పలుచన. ఇటువంటి బిడ్డలను రోజులో ఎక్కువ గంటలు తల్లి గానీ తండ్రి గానీ రొమ్ముకు కట్టుకుని ఉంచే కంగారూ సంరక్షణ పద్ధతిని కొలంబియా రాజధాని బొగొతాలో 1978 ప్రాంతంలో మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 8 నుంచి 24 గంటలు అలా ఉంచమని సిఫారసు చేస్తోంది. ఎలా కట్టుకోవాలో, మీరు ఏ భంగిమలో ఉండాలో ఆస్పత్రిలో చేయించి చూపించాకే ఇంట్లో చేయండి. టోపీ ఎప్పుడు తీయాలి, ఎన్ని పొరలు వేయాలి అన్నవి కూడా బిడ్డ బరువును బట్టి మీ వైద్యుడు చెప్పినట్టే చేయండి. ఈ బిడ్డలను పెద్దల మంచం మీద పక్కన పడుకోబెట్టకూడదు.

బిడ్డకు ఏడాది నిండాక పలుచని, చిన్న దుప్పటి ఇవ్వవచ్చు. అప్పటికీ రాత్రంతా దాన్ని తన్నేస్తూనే ఉంటే నిద్రసంచిని సరిపడే సైజులో కొనసాగించండి. నడక వచ్చిన బిడ్డకు పాదాలు బయటికి వచ్చే రకం చూడండి, లేకపోతే తెల్లవారుజామున లేచి నిలబడబోయి పడిపోతుంది.